ఈ ఫొటోలో ఉన్నదెవరు?

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియో తాలూకు గాజు పలకల నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ సంస్థ 1989లో వాటిని సేకరించింది. దీనదయాళ్ ప్రింట్లు దగ్గరగా చూస్తే చాలావాటి అడుగున చిన్న అక్షరాల్లో ఒక నంబరు, దాని పక్కనే అది ఏ కోటో, ఏ విందో, ఎవరి దర్బారో చెప్పే ముక్క కనిపిస్తాయి. అవి కాగితం మీద రాసినవి కావు, నెగటివ్ మీదే రాసినవి. అందుకే ఆ పలక నుంచి ఎన్ని ప్రింట్లు తీసినా, అవి ఏ దేశం చేరినా, వేలంపాటల్లో ఎన్ని చేతులు మారినా బొమ్మ వెంట దాని ఊరూ పేరూ కూడా వెళ్లాయి.

ఇక మన ఫొటోల సంగతి. ఫోన్లో కొన్ని వేలు. పాత ల్యాప్‌టాప్‌లో ఇంకొన్ని. బీరువాలో రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు, వాటిలో ‘న్యూ ఫోల్డర్ (2)’, ‘పెళ్లి లాస్ట్’, ‘డేటా ఫైనల్’ అన్న ఫోల్డర్లు. పెళ్లి స్టూడియో వాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్ ఒకటి. బాబాయ్ గారబ్బాయి గూగుల్ ఫొటోస్‌లో ఇంకొంత. అంతా కలిపితే లక్ష దాటే ఇళ్లు తక్కువేం కాదు. ఏ ఫైలు తెరిచినా పేరు ‘డీఎస్‌సీ_4821’. అందులో నవ్వుతున్న ఆ పెద్దావిడ ఎవరో ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరికీ డెబ్బై దాటింది.

ఫొటోలు సర్దుకోవడం అనగానే చాలామంది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎన్ని టెరాబైట్ల డిస్కు తేవాలి అని అడుగుతారు. రెండూ అవసరమే. కానీ సాఫ్ట్‌వేర్లు పోతాయి, డిస్కులు పోతాయి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు మాటలు ఫొటో ఫైలులోకే ఎక్కించి ఉంటే మిగతావన్నీ మారినా నష్టం లేదు. దీనదయాళ్ స్టూడియో నెగటివ్ మీద చేసిన పనే ఇప్పుడు మనం ఫైలు మీద చేయాలి.

కేటలాగ్‌లో ఫొటో ఉండదు

ఫొటో ఎడిటింగ్ కాస్త శ్రద్ధగా చేసేవాళ్లలో ఎక్కువమంది వాడేది అడోబీ లైట్‌రూమ్. 2007లో మొదటి వెర్షన్ వచ్చింది. 2017లో అది రెండుగా చీలింది. కంప్యూటర్‌లోని ఫోల్డర్ల మీద పనిచేసే పాత పద్ధతికి లైట్‌రూమ్ క్లాసిక్ అని, క్లౌడ్‌లో దాచేదానికి లైట్‌రూమ్ అని పేర్లు పెట్టారు. స్టూడియోల్లో నడిచేది ఎక్కువగా క్లాసిక్కే.

ఇందులో కొత్తవాళ్లను తికమక పెట్టేది ‘ఇంపోర్ట్’. ఫొటోలన్నీ లైట్‌రూమ్‌లోకి వెళ్లిపోయాయి అనుకుంటారు. వెళ్లవు. ఫొటో డిస్కులో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. లైట్‌రూమ్ దగ్గర ఉండేది కేటలాగ్ అనే ఒక డేటాబేస్ ఫైలు మాత్రమే. ఫలానా ఫొటో ఫలానా డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఉంది, దానికి వెలుతురు ఇంత పెంచారు, ఇక్కడికి కత్తిరించారు, నాలుగు చుక్కలిచ్చారు అని అందులో రాసి ఉంటుంది. అడంగల్‌లో పొలం ఉండదు కదా, ఏ సర్వే నంబరులో ఎంత పొలం ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో ఉంటుంది. కేటలాగూ అంతే.

ఇది అర్థం కాకపోతే రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది. మొదటిది మన ఊళ్లలో తరచూ జరిగేదే. కేటలాగ్ మామూలుగా సి డ్రైవ్‌లోని పిక్చర్స్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. కంప్యూటర్ నెమ్మదించిందని విండోస్ మళ్లీ వేయిస్తారు. ‘డి డ్రైవ్ ముట్టుకోను, మీ ఫొటోలు భద్రం’ అంటాడు మెకానిక్. నిజంగానే ఫొటోలు భద్రంగా ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి చేసిన ఎడిటింగ్, పెట్టిన పేర్లు, వడపోసిన వరసలు అన్నీ సి డ్రైవ్‌తో పాటు తుడిచిపెట్టుకుపోతాయి. రెండోది దీనికి తలకిందులు. లైట్‌రూమ్ మూసేటప్పుడు ‘బ్యాకప్ తీయమంటారా’ అని అడుగుతుంది. అవునని నొక్కి నిశ్చింతగా ఉంటారు. అది తీసేది కేటలాగ్ బ్యాకప్ ఒక్కటే, ఒక్క ఫొటో కూడా అందులోకి రాదు. డిస్కు పోయిన రోజున చేతిలో మిగిలేది పొలం లేని అడంగల్.

ఇక ఆ ప్రశ్నార్థకం గుర్తు. హార్డ్ డిస్కు తగిలించి లైట్‌రూమ్ తెరుస్తారు. ఎడమ పక్క ఫోల్డర్ల వరసలో ఒక్కోదాని మీద ప్రశ్నార్థకం, ఫొటోల మూలన ఆశ్చర్యార్థకం. గుండె గుభేల్‌మంటుంది. చాలాసార్లు జరిగేది ఇంతే: నిన్న ఆ డిస్కుకు విండోస్ ‘ఎఫ్’ అన్న అక్షరం ఇచ్చింది. ఇవాళ ముందుగా పెన్‌డ్రైవ్ తగిలించారు కాబట్టి ‘ఎఫ్’ దానికి పోయింది, డిస్కు ‘జి’ అయింది. లైట్‌రూమ్ పాపం ‘ఎఫ్’లో వెతుక్కుంటోంది. ఈ కంగారులో ఫొటోలన్నీ మళ్లీ ఇంపోర్ట్ చేస్తే పాత ఎడిటింగ్ ఒక చోట, కొత్త ఎంట్రీలు ఇంకో చోట పడి చిక్కు రెట్టింపవుతుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ డిస్కుకు ‘పి’ లాగా చివరి అక్షరాల్లో ఒకటి శాశ్వతంగా ఇచ్చేస్తే ఈ గొడవ ఉండదు. ఫోల్డర్ పేరు మార్చాలన్నా, ఇంకో డిస్కుకు జరపాలన్నా విండోస్‌లో కాకుండా లైట్‌రూమ్ లోపలి నుంచే జరపాలి. ఇప్పటికే బయటి నుంచి జరిపేసి ఉంటే ఆ ప్రశ్నార్థకం మీద రైట్ క్లిక్ కొట్టి ‘ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్’ నొక్కి, కొత్త చోటు చూపిస్తే చాలు. లోపలి ఫోల్డర్లు కూడా దాంతోపాటు దారికొస్తాయి.

సాఫ్ట్‌వేర్లకూ ఆయుష్షుంది

పికాసా గుర్తుందా? ఫొటోలు చూసుకోవడానికి, కాస్త వెలుతురు సవరించుకోవడానికి, ముఖాలకు పేర్లు పెట్టుకోవడానికి ఎన్నో ఇళ్లలో అదే దిక్కు. గూగుల్ దాన్ని 2004లో కొంది, 2016 మార్చిలో ఆపేసింది. ఆపిల్ 2005లో తెచ్చిన అపర్చర్‌ను ఎంతోమంది ఫొటోగ్రాఫర్లు ప్రాణంగా వాడారు. 2014లో ఇక కొనసాగించబోమని ప్రకటించి, మరుసటి ఏడాది అమ్మకం నిలిపేసింది. ఆ తర్వాత వచ్చిన మ్యాక్ సిస్టమ్స్‌లో అది తెరుచుకోవడం కూడా మానేసింది. రెండింటిలోనూ ఫొటోలకేమీ కాలేదు. పోయింది వాటి చుట్టూ జనం చేసుకున్న పని. పికాసాలో పిల్లల ముఖాలకు, తాతల ముఖాలకు పెట్టిన పేర్లు, ఫొటోలోకి రాయమని విడిగా చెప్పి ఉంటే తప్ప, ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఉండిపోయాయి.

గూగుల్ ఫొటోస్ 2015లో వచ్చినప్పుడు కాస్త కుదించిన ఫొటోలను లెక్కలేనన్ని దాచుకోనిచ్చింది. 2021 జూన్ 1 నుంచి ఆ సదుపాయం పోయింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ వరకే ఉచితం. అక్కడి నుంచి అంతా దింపుకోవాలంటే టేక్ఔట్ అనే ఏర్పాటుంది. అది ఫొటోతో పాటు ‘జేసన్’ అనే చిన్న ఫైలు ఒకటి ఇస్తుంది. మీరు అక్కడ సరిచేసిన తేదీ, రాసుకున్న వివరణ ఆ చిన్న ఫైలులో ఉంటాయి, ఫొటోలో ఉండవు. అవి చెత్త ఫైళ్లనుకుని చాలామంది తీసిపారేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

దీనికి మందు చాలా ఏళ్ల కిందటే తయారైంది. పేరు ఎక్స్‌ఎంపీ. అడోబీ 2001లో తెచ్చింది, 2012లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫొటో గురించిన మాటలను, అంటే వివరణ, కీవర్డులు, రేటింగ్, తేదీలను, ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగేలా రాసిపెట్టే పద్ధతి ఇది. జేపెగ్, డీఎన్‌జీ ఫైళ్లలో నేరుగా లోపలికే ఎక్కుతుంది. కెమెరా కంపెనీల రా ఫైళ్లయితే పక్కన అదే పేరుతో ఒక ఎక్స్‌ఎంపీ ఫైలు పుడుతుంది. లైట్‌రూమ్ క్లాసిక్ తనంతట తాను ఈ పని చేయదు. కేటలాగ్ సెట్టింగ్స్‌లో మార్పులను ఎక్స్‌ఎంపీలో రాయమనే గడి ఉంటుంది, అక్కడ టిక్ పెట్టాలి. లేదంటే ఫొటోలు ఎంచుకుని కంట్రోల్, ఎస్ నొక్కాలి. ఉచితంగా దొరికే డిజీక్యామ్, డార్క్‌టేబుల్ కూడా ఎక్స్‌ఎంపీ చదువుతాయి, రాస్తాయి. లైట్‌రూమ్‌కు నెలనెలా చందా కట్టడం ఇష్టం లేనివాళ్లు ఇంటి ఫొటోలకు డిజీక్యామ్ నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

అయితే ఎక్స్‌ఎంపీ అన్నీ మోయదు. లైట్‌రూమ్‌లో కట్టుకున్న కలెక్షన్లు, ఒకే ఫొటోకు చేసుకున్న వర్చువల్ కాపీలు కేటలాగ్‌లోనే ఉంటాయి. మీరు ఫొటోకు తెచ్చిన రంగు, వెలుగు కూడా అడోబీ బయట అచ్చంగా అలాగే రావు. ఒక్కో సాఫ్ట్‌వేర్ రా ఫైలును ఒక్కో రకంగా ఉడికిస్తుంది మరి. కాబట్టి ఎంతో ఇష్టపడి తీర్చిదిద్దుకున్న ఫొటోలను పూర్తి సైజులో జేపెగ్‌గానో టిఫ్‌గానో ఎక్స్‌పోర్ట్ చేసి, రా ఫైలు పక్కనే పెట్టుకోవాలి. అన్నిటికీ టిఫ్ వద్దు. 24 మెగాపిక్సెల్ కెమెరా రా ఫైలు 25, 30 ఎంబీ ఉంటే, అదే ఫొటోను 16 బిట్ టిఫ్‌గా ఫొటోషాప్‌కు పంపగానే 144 ఎంబీ అవుతుంది. లేయర్లు పడేకొద్దీ ఇంకా పెరుగుతుంది.

డాలస్ గడియారం, తణుకు ముహూర్తం

ఫోల్డర్లకు పేర్లు పెట్టడంలో నా పట్టుదల ఒక్కటే: ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు, చివర్న సందర్భం. ‘2019-05-12 తణుకు పెళ్లి’ లాగా. ఇలా పెడితే ఏ కంప్యూటర్‌లో తెరిచినా కాలక్రమంలో వరసగా నిలబడతాయి. మనుషుల పేర్లతో ఫోల్డర్లు పెట్టొద్దు. ఒకే ఫొటోలో అమ్మమ్మా ఉంటుంది, చిన్న మేనల్లుడూ ఉంటాడు. ఎవరి ఫోల్డర్‌లో వేస్తారు? ఇద్దరి దాంట్లోనూ వేస్తే ఏది అసలు, ఏది నకలు అన్న తగువు మొదలవుతుంది. తేదీ ఫోల్డర్‌కు, మనుషులూ ఊళ్లూ కీవర్డులకు అని పంచేసుకుంటే సరిపోతుంది.

ఫైలు పేరూ మార్చాల్సిందే. కెమెరాలు 0001 నుంచి 9999 దాకా లెక్కపెట్టి మళ్లీ మొదటికొస్తాయి. అంటే కొన్నేళ్లు వాడిన కెమెరాలో డీఎస్‌సీ_4821 పేరుతో రెండు మూడు వేర్వేరు ఫొటోలు ఉంటాయి. ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసేటప్పుడు ‘రీప్లేస్’ నొక్కితే ఒకటి పోయినట్టే. ఇంపోర్ట్ చేసేటప్పుడే తేదీ, సమయం కలిపి కొత్త పేరు పెట్టమని సాఫ్ట్‌వేర్‌కు ఒకసారి నేర్పితే చాలు.

సమయం విషయంలో ఎన్నారైల ఇళ్లలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అన్నయ్య డాలస్ నుంచి కెమెరా తెచ్చుకుంటాడు. దాని గడియారం అక్కడి టైములోనే ఉంటుంది. వేసవిలో అక్కడికీ ఇక్కడికీ పదిన్నర గంటల తేడా. తణుకులో రాత్రి 8:40కి వధూవరులు జీలకర్ర-బెల్లం పెట్టుకుంటున్న ఫొటో ఆయన కెమెరా లెక్కలో అదే రోజు ఉదయం 10:10కి తీసినట్టు పడుతుంది. అందరి ఫొటోలూ కలిపి టైము ప్రకారం పేర్చితే మంగళస్నానాల మధ్యలోకి తలంబ్రాలొచ్చి కూర్చుంటాయి. కంగారు పడక్కర్లేదు. లైట్‌రూమ్‌లో ఆ కెమెరా ఫొటోలన్నీ ఎంచుకుని, జీలకర్ర-బెల్లం ఫొటోను పైన పెట్టుకుని, ‘ఎడిట్ క్యాప్చర్ టైమ్’లో దాని సరైన సమయం ఇవ్వండి. మిగతావన్నీ అదే తేడాతో జరుగుతాయి. రెండు కెమెరాల్లోనూ పడ్డ ఒకే క్షణం దొరికితే లెక్క సెకన్లతో సహా కుదురుతుంది. మూడు ముళ్ల ఘట్టాన్ని అందరూ తీస్తారు కాబట్టి పెళ్లిలో దానికి కొదవ లేదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల దగ్గర మాత్రం చేయగలిగింది తక్కువ. అది ఫొటోను కుదించడమే కాక, తీసిన తేదీని, చోటును తీసేస్తుంది. ఫైలు పేరులో కనిపించే తేదీ అది మీకు చేరిన రోజుది. పదిహేనేళ్ల కిందటి పుష్కరాల ఫొటో నిన్నటి తేదీతో వచ్చి పడేది అందుకే. అసలు కావాలంటే ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి. అప్పుడు ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది.

బీరువా మునిగితే

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో డిజిటల్ ఫొటోల నిర్వహణ మీద రాసిన పుస్తకంతో 3-2-1 సూత్రం ప్రచారంలోకి వచ్చింది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంకో చోట. మనవాళ్లు మొదటి రెండూ ఎలాగోలా చేస్తారు. మూడోది చేయరు. రెండు డిస్కులూ ఒకే బీరువాలో, ఒకే అరలో, ఒకే కవర్లో ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఎలా ఊపేసిందో చూశాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలను ముంచేసింది, నీళ్లు ఇళ్లలో రోజుల తరబడి కదల్లేదు. అలాంటప్పుడు ఒకే అరలో రెండు కాపీలుంటే ఒక్కటి ఉన్నట్టే లెక్క. రెండోది మరో ఊళ్లో ఉండాలి, లేదా డబ్బు కట్టిన క్లౌడ్‌లో ఉండాలి.

సింక్‌ను బ్యాకప్ అనుకోవడం ఇంకో ప్రమాదం. గూగుల్ ఫొటోస్‌కో ఐక్లౌడ్‌కో ముడిపడిన ఫోన్లో ఫొటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. పొరపాటు కూడా అంతే నమ్మకంగా అన్ని చోట్లకూ సింక్ అవుతుంది. బ్యాకప్ అంటే మీరు ఇక్కడ చెరిపినా అక్కడ చెరగనిది.

డిస్కుల విషయంలో నాలుగు మాటలు. తిరిగే హార్డ్ డిస్కు పనిచేస్తుండగా కింద పడితే దాదాపు అయిపోయినట్టే. ఎస్‌ఎస్‌డీ కింద పడినా తట్టుకుంటుంది గానీ, ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా అరలో పడేసి దాచడానికి అది పుట్టలేదు. రోజూ ఎడిటింగ్‌కు ఎస్‌ఎస్‌డీ, దాచుకోవడానికి హార్డ్ డిస్కు అని పెట్టుకోండి. దాచిన డిస్కును కూడా ఏడాదికోసారైనా తెరిచి, అక్కడక్కడా ఫొటోలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. విండోస్, మ్యాక్ రెండిట్లోనూ వాడేదైతే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయించుకోండి. విండోస్ వాళ్ల ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును మ్యాక్ చదువుతుంది కానీ, అందులో రాయదు. మరో ముఖ్యమైన అలవాటు: కార్డు నుంచి డిస్కుకు ఎప్పుడూ కాపీయే, కట్ కాదు. కాపీ అయ్యాక తెరిచి చూసి, రెండో డిస్కులోకీ చేరాకే కార్డు ఫార్మాట్ చేయాలి.

పెళ్లి స్టూడియోలతో ముందే మాట్లాడుకోవాల్సిందీ ఇదే. నలుగురు కెమెరామెన్ తీసిన వేల ఫొటోల్లోంచి మనం సెలెక్షన్ చేసి ఇవ్వడానికే నెలలు పడుతుంది. ఆ డేటాను వాళ్లు ఎంతకాలమని మోస్తారు? తర్వాతి సీజన్ రాగానే ఆ డిస్కు ఖాళీ అవ్వాల్సిందే. కాబట్టి ఆల్బమ్ చేతికొచ్చేదాకా ఆగకుండా, ఒక కొత్త డిస్కు కొనిచ్చి మొత్తం ఒరిజినల్స్ అందులో వేయించుకోండి. ఆల్బమ్ డిజైన్ తాలూకు 12×36 పీఎస్‌డీ ఫైళ్లు కూడా అడిగి చూడండి. ఇవ్వకపోతే కనీసం పూర్తి సైజు జేపెగ్‌లు తీసుకోండి. పదేళ్ల తర్వాత ఆల్బమ్ షీట్లు ఊడినా మళ్లీ వేయించుకోవచ్చు.

ఇంటిపేరుతో సహా

ఇవన్నీ చేశాక అసలు పని మొదలవుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ముఖాలను పోల్చి గుంపులుగా పెడతాయి. అది పెద్ద సాయమే. అక్కాచెల్లెళ్లను కలిపేస్తాయి, గుండు చేయించిన పిల్లాణ్ని ఇంకెవరో అనుకుంటాయి, అయినా సాయమే. కానీ ఆ గుంపుకు పేరు మాత్రం మనిషే పెట్టాలి.

పెట్టేటప్పుడు ‘పెదనాన్న’, ‘అత్తయ్య’ అని రాయకండి. మీ పెదనాన్న ఇంకొకరికి నాన్న, మరొకరికి మావయ్య. ఆ ఫైలు రేపు మీ మేనకోడలి చేతికి వెళ్తే ఆ మాట ఎవర్ని చెబుతుందో ఆమెకు తెలియదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వీలైతే ఊరు రాయండి. ఆడవాళ్లయితే పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ రాయండి. మన వంశవృక్షాల్లో పుట్టింటి ఆడపడుచులు కనిపించకుండా పోయేది సరిగ్గా ఈ చోటే. తెలుగులో రాయదలిస్తే యూనికోడ్‌లో రాయండి. డీటీపీ వాళ్లు ఆల్బమ్‌లో పేర్లకు వాడే అను ఫాంట్లలో టైపు చేసిన మాట కీవర్డులో పిచ్చి గీతల్లా మిగులుతుంది, వెతికినా దొరకదు.

పాత ప్రింట్లు స్కాన్ చేస్తున్నారా? 600 డీపీఐ పెట్టండి, వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిల్‌తో రాసిన తేదీ, ‘చి.సౌ.కి ఆశీస్సులతో’ అన్న వాక్యం అన్నీ వెనకే ఉంటాయి. స్కానర్ ఇచ్చేది స్కాన్ చేసిన రోజు తేదీ, దాన్ని మార్చాలి. కచ్చితంగా తెలియకపోతే ‘సుమారు 1974, పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్ నాటిది’ అని వివరణలో రాయండి. ఊహించి ఒక తేదీ వేసేసి ఊరుకోవడం కన్నా ఇది నయం, ఎందుకంటే తర్వాత చూసేవాళ్లకు అది ఊహ అని తెలుస్తుంది.

దీనికి సంక్రాంతిని మించిన అదను లేదు. భోగి నాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, స్కాన్ చేసిన ఫోల్డర్ తెరిచి, పెద్దవాళ్లను ముందు కూర్చోబెట్టండి. టైపింగ్ వేగంగా వచ్చిన పిల్లల్లో ఒకరిని కీబోర్డు దగ్గర పెట్టండి. ఒక్కో ఫొటోకు పేర్లతో పాటు వాళ్లు చెప్పే మిగతా మాటలు కూడా వివరణలోకి ఎక్కించండి: వెనకున్న పెంకుటిల్లు ఎవరిది, ఆ సైకిలు ఎవరు కొన్నారు, ఫొటో తీసినాయన ఏ ఊరి స్టూడియో నుంచి వచ్చాడు. ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, ఎవరు చెప్పారో కూడా రాయండి. యాభై ఫొటోలు పూర్తయినా ఆ ఏటికి చాలు. చివర్న అన్నీ ఎంచుకుని, లైట్‌రూమ్ అయితే కంట్రోల్, ఎస్ కొట్టి మాటల్ని ఫైళ్లలోకి దించి, ఆ ఫోల్డర్‌ను ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. కనుమ మర్నాడు హైదరాబాద్ బయల్దేరే చెల్లెలి బ్యాగులో ఆ డిస్కు పెట్టి పంపించండి.